చందమామ మట్టితో కట్టాలంటే: బస్తాలా, కాల్చిన పలకలా, పోతా, గంధకం కాంక్రీటా?

చంద్రుడి మట్టితో చేసిన ఇటుక గురించి ఏ వార్త వచ్చినా అందులో ముందు కనిపించేది దాని బలం. ఎన్ని మెగాపాస్కల్స్ (నొక్కుడు బలానికి కొలత) తట్టుకుంది, కాంక్రీటు కంటే ఎన్ని రెట్లు గట్టిది అని. కానీ ఎంపికను తేల్చేది ఆ అంకె కాదు. 1986లో టి. డి. లిన్ అనే ఇంజినీరు, అపోలో 16 తెచ్చిన మట్టిలో 40 గ్రాములు తీసుకుని అంగుళం మోర్టార్ దిమ్మ పోసి నలగ్గొట్టి చూస్తే అది 75 మెగాపాస్కల్స్ దాకా నిలబడింది. మన ఇళ్ల స్లాబుకి పోసే ఎం20, ఎం25 కాంక్రీటు కంటే మూడు రెట్లు. బలం సంగతి అప్పుడే తేలిపోయింది. తేలనిది, ఆ దిమ్మలో కలిపిన సిమెంటునీ నీళ్లనీ చంద్రుడి దాకా ఎలా మోసుకెళ్లాలన్నది.

అందుకే ఇక్కడ ఒక్కో పద్ధతినీ బలంతో కాకుండా, భూమి నుంచి ఎన్ని కిలోలు తేవాలి, అక్కడ ఎంత కరెంటు కావాలి అన్న రెండు ప్రశ్నలతో మొదలుపెట్టి తూస్తున్నాం.

## ముందు తేల్చుకోవాల్సింది: కట్టడం చేయాల్సిన పని

చంద్రుడి మీద కట్టడాలు చేయాల్సిన పనులు ముఖ్యంగా మూడు. ల్యాండర్ దిగేటప్పుడు దుమ్ము లేవకుండా గట్టి నేల కావాలి. మనుషులుండే చోటికి రేడియేషన్, ఉల్కల తునకలు, ఎండ, చలి తగలకుండా మందపాటి కప్పు కావాలి. ఇక మూడోది, గాలిని లోపల పట్టి ఉంచే గది.

మూడో పనిని మట్టికి అప్పగించకండి. భూమ్మీది వాతావరణ పీడనం లోపల పెడితే అది ప్రతి చదరపు మీటరునీ సుమారు 10 టన్నుల బరువుతో బయటికి తోస్తుంది. చంద్రుడి ఆకర్షణ భూమిలో ఆరో వంతే కాబట్టి, ఆ తోపుని మట్టి బరువుతో ఆపాలంటే నెత్తిమీద దాదాపు 37 మీటర్ల మట్టి ఉండాలి. రెండున్నర మీటర్ల మట్టి అందులో 7 శాతం మాత్రమే ఆపుతుంది. మిగతాదంతా గోడలో లాగుడుగా పడుతుంది. ఇటుకైనా, కాల్చిన రాయైనా, కమ్మీ లేని కాంక్రీటైనా నొక్కితే నిలుస్తుంది, లాగితే విరుగుతుంది. పైగా కాల్చిన మట్టిలో సన్నటి రంధ్రాలుంటాయి, గాలి వాటిగుండా జారిపోతుంది. గాలి పట్టే పని భూమి నుంచి తెచ్చిన బెలూన్ లాంటి గుడ్డ గదిదో, లోహపు డబ్బాదో. మట్టిది కవచం పని. అయితే ఒక జాగ్రత్త: బెలూన్‌లో గాలి దిగిపోయిన రోజున కప్పు కూలకూడదు. కవచాన్ని గాలి ఆసరా లేకుండా తన కాళ్లమీద తాను నిలిచేలా కట్టాలి.

ఇది ఒప్పుకుంటే సగం గందరగోళం తీరుతుంది. గాలి చొరబడని పదార్థం కోసం వెతుకులాట మానేసి, ల్యాండర్ దిగే ప్యాడ్‌కి ఏది, కప్పుకి ఏది అని విడివిడిగా చూడొచ్చు.

## దేనితో తూచాలి

తేవాల్సిన బరువు. ఇప్పటి వాణిజ్య ల్యాండర్లలో చంద్రుడి నేల మీదికి కిలో సరుకు చేర్చడానికి సుమారు 10 లక్షల డాలర్లు అడుగుతున్నారు. రాకెట్లు పెద్దవై ధర పదో వంతుకు పడిపోయినా, టన్నుల్లో బైండర్ (మట్టిని అతికించే పదార్థం) మోయడం భారమే.

కరెంటు. చాలాచోట్ల 14 రోజులు పగలు, 14 రోజులు రాత్రి. తొలి స్థావరాల చేతిలో పదుల కిలోవాట్లే ఉంటాయి.

ఏ మట్టి. చందమామలో కుందేలుగా మనం చూసుకునే నల్ల మచ్చలు బసాల్ట్ అనే నల్లరాతి మైదానాలు. అక్కడి మట్టిలో ఇనుము, కొన్నిచోట్ల టైటానియం ఎక్కువ. తెల్లగా మెరిసేవి ఎత్తు నేలలు, అవి అనార్థొసైట్ అనే లేత రంగు రాయి. అక్కడ అల్యూమినియం, కాల్షియం ఎక్కువ, ఇనుము తక్కువ. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన శివశక్తి చోటు రెండో రకం. ప్రజ్ఞాన్ రోవర్ మీది ఎక్స్-రే పరికరం అక్కడి మట్టిని అనార్థొసైట్ జాతిదిగా గుర్తించింది. అందరూ వెళ్లాలనుకుంటున్న దక్షిణ ధ్రువమూ ఎత్తు నేలే. ప్రయోగశాలల్లో కాల్చి చూపించిన ఇటుకల్లో ఎక్కువ భాగం మాత్రం బసాల్ట్ పొడితో చేసినవి. ఈ తేడా ఎంత ముఖ్యమో కింద తెలుస్తుంది.

శూన్యం, వేడి చలి. చంద్రుడి మధ్యరేఖ దగ్గర మధ్యాహ్నం 120 డిగ్రీలు, రాత్రి మైనస్ 130 కంటే కిందికి. తడి పదార్థం ఏదైనా శూన్యంలో మరిగిపోతుంది.

మరమ్మతు. పగిలినది రోబో చేత్తో మార్చగలమా, లేక మొత్తం కూల్చాలా?

బలాన్ని చివర్న పెట్టాం. గాలి, వాన లేవు, బరువు ఆరో వంతు. చంద్రకంపాలు మాత్రం లెక్కలోకి తీసుకోవాలి. అపోలో భూకంప పరికరాలు నమోదు చేసిన పైపొర కంపాల్లో పెద్దవి 5 స్థాయి దాకా ఉన్నాయి, కొన్ని పది నిమిషాలకు పైగా ఊగాయి. అతికించి బిగుసుకున్న గోడ కంటే కాస్త సర్దుకునే గుట్ట ఇక్కడ మేలు.

## కొలతకి ఒక గుమ్మటం

అన్ని పద్ధతుల్నీ ఒకే కట్టడం మీద లెక్క కడదాం. లోపల 4 మీటర్ల వ్యాసార్ధం ఉన్న అర్ధగోళం, దానిపై రెండున్నర మీటర్ల మట్టి. ఆ మందం ఊరికే అనుకున్నది కాదు. చైనా ల్యాండర్ చాంగ్-4 మీది పరికరం చంద్రుడి ఉపరితలంపై రోజుకు సుమారు 1,370 మైక్రోసీవర్ట్‌ల రేడియేషన్ కొలిచింది, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో పడేదానికి రెండున్నర రెట్లు. కాస్మిక్ కిరణాలు పల్చటి పొరలో ఢీకొని న్యూట్రాన్ల లాంటి కొత్త కణాల్ని పుట్టిస్తాయి, వాటినీ ఆపాలంటే రెండు మూడు మీటర్లు కావాలి.

ఘనపరిమాణం సుమారు 440 ఘనమీటర్లు. ఘనమీటరుకి 1.7 టన్నుల చొప్పున 750 టన్నుల మట్టి.

## 1. బస్తాలు, మట్టిగుట్ట

కృష్ణా, గోదావరి కట్టలకు గండి పడినప్పుడు మనవాళ్లు చేసే పనే ఇది. 1984లో నాసా పిలిచిన సదస్సులో వాస్తుశిల్పి నాదిర్ ఖలీలీ పొడవాటి గొట్టపు సంచుల్లో చంద్రమట్టి నింపి, చుట్టలు చుట్టలుగా గుమ్మటం పేర్చే ఆలోచన చెప్పాడు. భూమ్మీద వరసల మధ్య ముళ్లతీగ వేస్తారు, చంద్రుడికి ఆయన సూచించింది వెల్క్రో.

40 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టంలో ఘనమీటరు మట్టి పట్టాలంటే 10 చదరపు మీటర్ల గుడ్డ. మొత్తం 440 ఘనమీటర్లనీ సంచుల్లోనే నింపినా 4,400 చదరపు మీటర్లు. చదరపు మీటరు 200 గ్రాముల గుడ్డ అనుకుంటే 880 కిలోలు. లోపలి పొర ఒక్కటే సంచులతో పేర్చి, పైన వదులు మట్టి పోస్తే ఇంకా తగ్గుతుంది.

ఇక శక్తి. 750 టన్నుల్ని సగటున 3 మీటర్లు ఎత్తడానికి సిద్ధాంతపరంగా కావాల్సింది సుమారు ఒక యూనిట్ కరెంటు. అవును, ఒక్క యూనిట్. యంత్రాల రాపిడి, చక్రాల జారుడు, తవ్వకం కలిపి దానికి కొన్ని వందల రెట్లు ఖర్చయినా, కింద చూడబోయే కాల్పుడు లెక్క ముందు అది లెక్కలోకి రాదు.

ఇక్కడ అసలు ఇబ్బంది తవ్వకంలో ఉంది. తేలికైన రోబో పారతో తోస్తే మట్టి కదలదు, రోబోనే వెనక్కి జరుగుతుంది. పై 15 సెంటీమీటర్లే వదులు. 30 సెంటీమీటర్ల కింద మట్టి దిమ్మిస కొట్టినంత గట్టిగా బిగుసుకుని ఉంటుంది, అపోలో 15లో డ్రిల్లు దిగక వ్యోమగాములు అవస్థపడింది ఇందుకే. నాసా కెన్నెడీ కేంద్రంలోని ఐపెక్స్ రోబో దీనికో ఉపాయం చేసింది. ముందొకటి, వెనకొకటి ఎదురెదురుగా తిరిగే డ్రమ్ములు, ఒకదాని తోపుని మరోటి కొట్టేస్తుంది. సుమారు 30 కిలోల ఆ యంత్రం ఒక చాంద్రదినంలో (మన లెక్కలో సుమారు నెల) 10 టన్నులు తవ్వాలన్నది లక్ష్యం. అంటే మన గుమ్మటానికి ఒకే రోబో అయితే 75 చాంద్రదినాలు, ఆరేళ్లు. పది రోబోలైతే ఏడెనిమిది నెలలు. బస్తాల పద్ధతి ఎంచుకుంటే డబ్బు గుడ్డ మీద కాదు, తవ్వే యంత్రాల సంఖ్య మీద పెట్టాలి.

చెడేదెక్కడ? సూర్యుడి అతినీలలోహిత కిరణాలకు కెవ్లార్, వెక్ట్రాన్ లాంటి నారలు పెళుసెక్కుతాయి, అందుకే బయటి వరసని వదులు మట్టితో కప్పేయాలి. గాజు తునకల్లాంటి రేణువులు గుడ్డని లోపల్నుంచి కోస్తాయి. సంచి పొంగేలా నింపితే గుండ్రంగా తయారై పై వరస జారుతుంది, తక్కువ నింపితే కుంగుతుంది. కప్పు మీద కింది వరస సంచి చిరిగితే మార్చడం కష్టం, కాబట్టి గుమ్మటం లోపలివైపు తేలికపాటి లోహపు చట్రం ఉంచడం మంచిది.

వేడి చలి విషయంలో మట్టిగుట్టకు సాటి లేదు. చంద్రయాన్-3 ఉష్ణమాపకం చేస్ట్, పైన 50 డిగ్రీలు దాటిన వేడి ఉన్నప్పుడు 8 సెంటీమీటర్ల కిందే మైనస్ 10 చూపించింది. జానెడు కూడా లేని లోతులో అంత తేడా. వదులు మట్టి శూన్యంలో అంత గొప్ప నిరోధకం. దాన్ని కాల్చి గట్టిచేస్తే ఆ గుణం చాలావరకు పోతుంది.

## 2. కాల్చి అతకడం

కుండ కాల్చినట్టే: పూర్తిగా కరగకుండా, రేణువులు అంచుల్లో మెత్తబడి ఒకదానికొకటి అతుక్కునేంత వేడి. బసాల్ట్ మట్టికి సుమారు 1,100 డిగ్రీలు. బైండర్ ఏమీ తేనక్కర్లేదు, అదే దీని ఆకర్షణ.

కరెంటు లెక్క చూడండి. కిలో మట్టిని ఆ వేడికి తేవడానికి, ఏ నష్టమూ లేకుండా, 0.3 యూనిట్. మన గుమ్మటం మొత్తం కాల్చాలంటే 2.25 లక్షల యూనిట్లు. 20 కిలోవాట్లు రాత్రీపగలూ ఇస్తే 470 రోజులు, అదీ ఒక్క జూల్ వృథా కాకపోతే. కాబట్టి కాల్చిన మట్టితో మందపాటి కప్పు కట్టొద్దు. పల్చటి నేల కట్టండి. 100 చదరపు మీటర్లు, 2 సెంటీమీటర్ల మందం అంటే సుమారు 5 టన్నులు, 1,500 యూనిట్లు. నష్టాలతో నాలుగు రెట్లు వేసుకున్నా 6,000. ఇది అందుబాటులో ఉన్న అంకె.

వేడి ఎలా ఇవ్వాలన్నది మళ్లీ మూడు దారులు.

*ఎండ.* జర్మనీలోని కొలోన్‌లో 147 వంపు అద్దాల సౌర కొలిమితో 2017లో 20 × 10 × 3 సెంటీమీటర్ల ఇటుకని సుమారు 5 గంటల్లో పొరలు పొరలుగా కాల్చారు. అంచులు మధ్యభాగం కంటే త్వరగా చల్లారి కొన్ని ఇటుకలు వంకరపోయాయి. ధ్రువం దగ్గర ఇంకో చిక్కు: సూర్యుడు దిగంతం మీద ఒకటి రెండు డిగ్రీల ఎత్తులో నెల పొడుగునా చుట్టూ తిరుగుతాడు. అద్దాన్ని నిలువుగా ఎత్తైన స్తంభం మీద పెట్టి చుట్టూ తిప్పాలి. వేడికి మట్టిలోంచి ఆవిరయ్యే సోడియం, పొటాషియం అద్దం మీదికి చేరి మసకబరుస్తాయి.

*లేజర్ లేదా పెద్ద కటకం.* జర్మన్ పరిశోధకులు 2023లో 12 కిలోవాట్ల లేజర్‌ని 45 మిల్లీమీటర్ల వెడల్పు పుంజంగా వాడి, మధ్యలో రంధ్రమున్న త్రికోణపు పలకలు చేశారు, ఒకదానిలో ఒకటి ఇరుక్కునేలా. చంద్రుడి మీద లేజర్ బదులు సుమారు 2.4 చదరపు మీటర్ల ఫ్రెనెల్ కటకం సరిపోతుందని, 100 చదరపు మీటర్ల ప్యాడ్ 115 రోజుల్లో అవుతుందని వాళ్ల లెక్క. పుంజం గీసిన గీత మీద మళ్లీ గీస్తే మొదటిది పగిలింది. అందుకే ఒకే గీతలో మూసుకునే త్రికోణాన్ని ఎంచుకున్నారు. అమెరికాలో ఇళ్లని 3డి ముద్రణతో కట్టే ఐకాన్ సంస్థకు నాసా 2022లో 5.72 కోట్ల డాలర్లు ఇచ్చింది, వాళ్లదీ లేజర్ దారే.

*మైక్రోవేవ్.* నిజమైన చంద్రమట్టిలో రేణువుల అంచున నానో పరిమాణంలో ఇనుప చుక్కలుంటాయి. వంటింటి ఓవెన్‌లో వాడే 2.45 గిగాహెర్ట్జ్ తరంగాల్ని అవి బాగా పీల్చుకుంటాయని అమెరికా పరిశోధకులు లారీ టేలర్, థామస్ మీక్ 2005లో రాశారు. పైనుంచి కాకుండా లోతులో కూడా వేడెక్కుతుంది, రోడ్డు వేసినట్టు వెళ్తూ వెళ్తూ కాల్చొచ్చు. కానీ ఒకచోట వేడెక్కితే అక్కడే ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది, పక్కది పొడిగానే మిగులుతుంది. భూమ్మీది నకిలీ మట్టిలో ఆ ఇనుప చుక్కలుండవు కాబట్టి ఇక్కడి ఫలితాన్ని అక్కడికి సూటిగా మోసుకెళ్లలేం.

మూడింటికీ ఉమ్మడి సమస్య ఎత్తు నేల మట్టి. అనార్థొసైట్‌లోని ముఖ్య ఖనిజం అనార్థైట్ కరిగేది 1,553 డిగ్రీల దగ్గర. బసాల్ట్‌తో సాధించిన ఉష్ణోగ్రతలు, బలాలు ధ్రువం దగ్గర వర్తించవు. అక్కడికి వెళ్లే పథకం బసాల్ట్ ఇటుక ఫోటో చూపిస్తే, ఎత్తు నేల నమూనాతో చేసి చూపించమని అడగండి.

చైనా 2024 నవంబరులో తియాన్‌చౌ-8 నౌకలో నకిలీ చంద్రమట్టి ఇటుకల్ని తన అంతరిక్ష కేంద్రానికి పంపింది. మూడేళ్ల దాకా బయట ఎండకీ రేడియేషన్‌కీ వదిలి చూడటం ఉద్దేశం. ప్రయోగశాల అంకెల కంటే ఇలాంటి పరీక్షకే ఎక్కువ విలువ.

## 3. కరిగించి పోత పోయడం

1,600 డిగ్రీలకు పైన మట్టిని పూర్తిగా ద్రవం చేసి, విద్యుత్తు పంపి ఆక్సిజన్‌ని వేరుచేసి, మిగిలిన ఇనుము, సిలికాన్, అల్యూమినియం, గాజుమడ్డి వాడుకోవడం. చంద్రమట్టి బరువులో 40 శాతానికి పైగా ఆక్సిజనే. రాకెట్ల సంస్థ బ్లూ ఆరిజిన్ ఈ దారిలో నకిలీ మట్టి నుంచి సోలార్ సెల్స్ చేసినట్టు 2023లో ప్రకటించింది. ఊపిరికి గాలి, రాకెట్‌కి ఇంధన భాగం ఎలాగూ కావాలి కాబట్టి, కట్టుబడి సామగ్రి ఇక్కడ ఉప ఉత్పత్తిగా దొరుకుతుంది. ఇక్కడ చూస్తున్న పద్ధతుల్లో లాగుడు తట్టుకునే ఇనుము చంద్రుడి మీద పుట్టే దారి ఇదే.

కొలిమి గోడల్నే ఆ ద్రవం తినేస్తుంది. అందుకే అంచున మట్టిని గడ్డకట్టనిచ్చి, మట్టినే పాత్రగా వాడే పద్ధతి చూస్తున్నారు. పోసిన దిమ్మని త్వరగా చల్లార్చితే గాజై పగులుతుంది. నెమ్మదిగా చల్లార్చడానికి మళ్లీ వేడి కావాలి. తొలి దశకి ఇది కాదు, వందల కిలోవాట్ల విద్యుత్తు వచ్చాక.

## 4. గంధకం కాంక్రీటు

నీళ్లు అక్కర్లేదు, గంటల్లో గట్టిపడుతుంది, మళ్లీ కరిగించి వాడొచ్చు. కాగితం మీద చూస్తే ఇదే గెలవాలి. కానీ గంధకం 119 డిగ్రీలకు కరుగుతుంది, చంద్రుడి మధ్యరేఖ దగ్గర మధ్యాహ్నపు ఎండ 120. ఎండ తగిలే చోట వాడితే గోడ కారిపోతుంది. కరగకపోయినా శూన్యంలో పైనుంచి కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది. గట్టిపడేటప్పుడు 95 డిగ్రీల దగ్గర దాని స్ఫటికరూపం మారి కుంచించుకుంటుంది, దాంతో లోపల సన్నటి చీలికలు. అతిచలిలో పదేపదే తిప్పి చూసిన నమూనాల బలం బాగా పడిపోయింది.

మన గుమ్మటానికి 15 శాతం చొప్పున 112 టన్నుల గంధకం. నల్ల మైదానాల మట్టిలో గంధకం సుమారు 0.1 శాతం, అంటే కనీసం లక్షా పన్నెండు వేల టన్నుల మట్టిని వేడిచేసి పిండాలి. 750 టన్నుల కట్టడానికి! ధ్రువపు నీడల్లో, ఎప్పటికీ ఎండ తగలని చోట చిన్న పునాదులకు పనికొస్తుంది. అంతకుమించి దీని మీద ఆశ పెట్టుకోవద్దు.

## 5. నీళ్లతో కలిపేవి

జియోపాలిమర్ అంటే మన ఫ్లైయాష్ ఇటుకల దగ్గరి చుట్టం. అల్యూమినియం, సిలికాన్ ఉన్న పొడికి గాఢమైన క్షారం కలిపితే రాయి అవుతుంది. ఎత్తు నేల మట్టిలో అల్యూమినియం ఎక్కువ కాబట్టి కూర్పు అనుకూలమే. మూత్రంలో ఉండే యూరియా కలిపితే తక్కువ నీళ్లతోనే ముద్ద సాగుతుందని యూరోపియన్ పరిశోధకులు 2020లో చూపించారు. చిక్కు శూన్యంతో. ఆరుబయట పోస్తే నీళ్లు మరిగి ముద్ద నురగలా పొంగుతుంది. పీడనమున్న గుడారంలోనో, మూసిన అచ్చులోనో పోసి క్యూరింగ్ చేయాలి. 100 కిలోల మట్టికి 10 కిలోల నీళ్లు అనుకున్నా మన గుమ్మటానికి 75 టన్నులు. ధ్రువపు మంచు నుంచి అన్ని నీళ్లు తీయగలిగిన రోజున, వాటికి గోడల కంటే మంచి ఉపయోగాలుంటాయి.

మెగ్నీషియం ఆక్సైడ్, ఉప్పు ద్రావణంతో ముద్రించే డి-షేప్ యంత్రం కూడా ఈ కోవే. 2013లో ఫోస్టర్ అనే వాస్తుశిల్ప సంస్థ, యూరోపియన్ అంతరిక్ష సంస్థ దానితో 1.5 టన్నుల బోలు దిమ్మ చేసి చూపించాయి. అందులో నేర్చుకోదగ్గది ఆకారం: పక్షి ఎముకలా లోపల గదులు గదులుగా ఉంచి వదులు మట్టిని గోడ మధ్యలోనే బంధించడం.

బంగాళదుంప పిండితో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం 2023లో చేసిన స్టార్‌క్రీట్, చంద్రమట్టి నమూనాతో 91 మెగాపాస్కల్స్ చూపించింది. 25 కిలోల ఎండు దుంపల పిండితో అర టన్ను, అంటే 213 ఇటుకలు. పిండి బరువు 5 శాతమే కదా అనిపిస్తుంది, కానీ 750 టన్నులకు 37 టన్నుల దుంపలు. లోపలి అడ్డగోడలు, అరల వరకు సరే.

బెంగళూరు ఐఐఎస్‌సీ, ఇస్రో కలిసి చేసిన ఇటుకలో స్పోరోసార్సినా పాశ్చురీ అనే బ్యాక్టీరియా యూరియాని, కాల్షియంని వాడుకుని సున్నపు స్ఫటికాలు పేరుస్తుంది, గోరుచిక్కుడు గింజల జిగురు పట్టు ఇస్తుంది. గోడలకి ఇది నెమ్మది. కానీ 2025లో అదే బృందం కాల్చిన ఇటుకలోని పగుళ్లలోకి ఈ మిశ్రమాన్ని పోసి అతికించింది. ఈ పద్ధతి నిజంగా ఉపయోగపడేది మరమ్మతులోనే అనిపిస్తుంది.

## ఒకచోట

| పద్ధతి | గుమ్మటానికి తేవాల్సింది | శక్తి | ఎత్తు నేల మట్టితో | ఎక్కడ వాడాలి |
|---|---|---|---|---|
| బస్తాలు, గుట్ట | టన్ను లోపు గుడ్డ, తవ్వే రోబోలు | అతి తక్కువ | తేడా లేదు | కప్పు, కట్టలు |
| కాల్చడం | అద్దాలు, కటకం లేదా లేజర్ | కిలోకు కనీసం 0.3 యూనిట్ | కష్టం, వేడి ఎక్కువ | ప్యాడ్, దారులు |
| పోత | కొలిమి, భారీ విద్యుత్ కేంద్రం | అన్నిటికంటే ఎక్కువ | కుదురుతుంది | లోహం, రెండో దశ |
| గంధకం | 112 టన్నులు | తక్కువ | గంధకం ఇంకా అరుదు | శాశ్వత నీడలో పునాది |
| జియోపాలిమర్ | క్షారం, 75 టన్నుల నీళ్లు | మధ్యస్థం | అనుకూలం | మూసిన అచ్చుల్లో భాగాలు |
| పిండి, బ్యాక్టీరియా | పదుల టన్నులు | తక్కువ | కుదురుతుంది | లోపలి పనులు, అతుకులు |

## ఎవరికి ఏది

తొలి స్థావరం పథకం వేసేవారికి: ఇల్లు కంటే ముందు ప్యాడ్. చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ దిగినప్పుడు లేచిన మట్టి సుమారు 2.06 టన్నులని, 108 చదరపు మీటర్ల మేర చెదిరిందని హైదరాబాద్ ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) శాస్త్రవేత్తలు ఆర్బిటర్ చిత్రాలు పోల్చి లెక్కగట్టారు. అదొక చిన్న ల్యాండర్. 1969లో అపోలో 12 దిగిన చోటికి 160 మీటర్ల దూరంలో ఉన్న పాత నౌక సర్వేయర్ 3 మీద ఇసుక కొట్టిన గీతలు పడ్డాయి. ఆపే గాలి లేక రేణువులు తుపాకీ గుళ్లలా వెళ్తాయి, నేలకు ఒకటి నుంచి మూడు డిగ్రీల కోణంలో. అందుకే ప్యాడ్ పూర్తయ్యేలోపు చెరువు కట్టలాంటి మట్టికట్ట చుట్టూ వేస్తే చాలావరకు ఆగుతుంది. దానికి తవ్వే రోబోలు చాలు.

పలకలతో ప్యాడ్ వేస్తే ప్రమాదం సందుల్లో ఉంటుంది. ఇంజను వాయువు సందులోంచి కిందికి దూరి పలకని లేపేస్తుంది. ఒకటి లేస్తే పక్కవి వరసగా లేస్తాయి. ఒకదానిలో ఒకటి ఇరుక్కునే అంచులు, కింద దిమ్మిస చేసిన నేల, బయటి అంచున మందం రెండింతలు. పగిలిన పలకను ఎత్తి మార్చగలగాలి కాబట్టి పలకలన్నిటినీ కలిపి ఏకశిలగా అతికించొద్దు.

మనుషులు నెలల తరబడి ఉండే ఇంటికి: లోపల గాలి బెలూన్, పైన తేలికపాటి చట్రం, దాని మీద సంచులు, ఆపైన వదులు మట్టి. తలుపు దగ్గర సొరంగాన్ని ఒక వంపు తిప్పండి, రేడియేషన్ సూటి గీతలో వస్తుంది. మీ చోటు ధ్రువం కాకుండా ప్రశాంత సముద్రం అనే నల్ల మైదానం అయితే, అక్కడి 100 మీటర్ల లోతైన గొయ్యిలో నీడపట్టున దాదాపు 17 డిగ్రీలుంటుందని 2022లో తేలింది, దాని అడుగున గుహ ఉందని 2024లో రాడార్ సమాచారం చూపించింది. కానీ దిగడం, ఎక్కడం, కరెంటు తీగ దించడం వేరే పెద్ద పని.

ఇంజినీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టుకి: పొరపాటు మొదలయ్యేది మట్టి దగ్గరే. హైదరాబాద్ చుట్టుపక్కల కంకర మిషన్ల డస్ట్ గ్రానైట్‌ది. అందులో క్వార్ట్జ్, పొటాషియం ఫెల్డ్‌స్పార్ నిండుగా ఉంటాయి, చంద్రుడి మీద అవి అరుదు. దానితో వచ్చిన అంకెలు చంద్రుడికి పనికిరావు. నల్ల మైదానపు నమూనాకి వికారాబాద్, జహీరాబాద్ వైపు దక్కన్ నల్లరాయి దగ్గరగా ఉంటుంది. ఎత్తు నేలకి తమిళనాడు సిత్తంపూండి అనార్థొసైట్, ఇస్రో తన నకిలీ మట్టిని చేసింది ఆ రాతితోనే. మిల్లీమీటరు లోపు జల్లించండి. చంద్రమట్టి సగటు రేణువు సుమారు 70 మైక్రాన్లు కాబట్టి సగం పొడి 70 మైక్రాన్ల జల్లెడ దిగాలి. 105 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఆరబెట్టండి. నూరేటప్పుడు, జల్లించేటప్పుడు ఎన్95 మాస్కు తీయొద్దు.

కొలిమి ఉంటే కాల్చడం ఎంచుకోండి, కానీ ఆర్గాన్ నింపే గొట్టపు కొలిమి దొరికితేనే. మామూలు కొలిమి గాలిలో బసాల్ట్‌లోని ఇనుము తుప్పు రంగుకి తిరిగి వేరే పదార్థం అవుతుంది. బసాల్ట్‌కి 1,050 నుంచి 25 డిగ్రీల మెట్లలో పైకి వెళ్లండి. అతుక్కోవడానికీ కరిగి పరుచుకోవడానికీ మధ్య ఎడం సన్నం. కొలిమి లేకపోతే జియోపాలిమర్. క్షారాన్ని నీళ్లలో కొద్దికొద్దిగా వేయండి, క్షారం మీద నీళ్లు పోయొద్దు. తాజా ముద్దని డెసికేటర్‌లో (మూత బిగిసే గాజుపాత్ర) పెట్టి పంపుతో గాలి తీసి చూస్తే శూన్యం ఏం చేస్తుందో కళ్లకు కడుతుంది. గంధకం ప్రయత్నిస్తే మట్టిని కూడా ముందే వేడి చేయాలి, చల్లటి రేణువు మీద గంధకం గడ్డకడుతుంది. 130, 145 డిగ్రీల మధ్యే ఉంచండి. 159 దాటితే పాకం ముదిరినట్టు చిక్కబడి కలపడానికి రాదు. పొగ బయటికి లాగే హుడ్ తప్పనిసరి.

డబ్బూ పరికరాలూ లేని కళాశాలకి బస్తాలే మంచి అంశం. వరసల మధ్య జారుడు, నింపే స్థాయి, గుడ్డ రాపిడి, వీటి మీద చేయాల్సిన కొలతలు ఇంకా బోలెడు ఉన్నాయి. బల్లని మెల్లగా వంచుతూ ఏ కోణంలో పై సంచి జారుతుందో చూడటానికి ఖర్చేమీ లేదు.

ఏ నమూనా చేసినా, సగం దిమ్మల్ని వెంటనే నలగ్గొట్టండి. మిగతా సగాన్ని 120 డిగ్రీల ఓవెన్‌కీ, ద్రవ నైట్రోజన్ ఆవిరికీ మధ్య 20 సార్లు తిప్పండి. ద్రవంలో సూటిగా ముంచితే ఆ అదురుకే పగులుతాయి, చంద్రుడి మీద చలి అంత హఠాత్తుగా రాదు. ఆ తర్వాత నలగ్గొట్టి, నివేదికలో ఆ రెండో అంకెను ముందు రాయండి.